అడవిలో కోవాలాలను చూడాలి, విక్టోరియాలో ఎక్కడికి వెళ్ళాలి? (అమ్మానాన్నలు వస్తున్నారు)

సత్తుపల్లి_అమ్మాయి

అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వచ్చి ఏడాదిన్నర అయింది. సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలు మొదటిసారి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నకి 68, అమ్మకి 62. మా పాపకి ఏడేళ్ళు.

వీడియో కాల్‌లో నాన్న అడిగింది ఒక్కటే. "కంగారూల సంగతి సరేనమ్మా, ఆ చెట్టు మీద నిద్రపోయే జంతువుని చూపిస్తావా?" అని. మాకు సత్తుపల్లి దగ్గర నాలుగెకరాల జామాయిల్ తోట ఉండేది. ఆ ఆకు తిని బతికే జంతువు ఒకటుందని ఆయన ఎప్పుడో పేపర్లో చదివారట. మన మేకలు కూడా మూతి పెట్టని ఆకుని అదెలా తింటుందా అని అప్పటి నుంచీ ఆయనకి ఆశ్చర్యమే.

జూలో చూపించడం తేలికే. కానీ కంచె లేకుండా, తన చెట్టు మీద తానున్నప్పుడు చూపించాలని నా కోరిక. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అరగంటకు మించి నడవలేదు, కొండ అసలే ఎక్కలేదు. ఇదివరకు ఒకసారి మేము గ్రేట్ ఓషన్ రోడ్ వైపు వెళ్ళి మూడు గంటలు వెతికినా ఒక్కటీ కనబడలేదు. పాప కారెక్కి ఏడ్చేసింది. ఈసారి కూడా అలా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

గీలాంగ్‌వాసి

మీరు వెళ్ళింది కెన్నెట్ రివర్‌కేనా? లోర్న్‌కీ అపోలో బేకీ మధ్య ఉంటుంది. అక్కడ గ్రే రివర్ రోడ్ అని ఒక మట్టి రోడ్డు కొండ పైకి వెళ్తుంది. చాలామంది రోడ్డు మొదట్లోనే, కార్లు ఆగే చోట పైకి చూసి, కనబడలేదని వెనక్కి వెళ్ళిపోతారు. రెండు మూడు కిలోమీటర్లు పైకి వెళ్తే జనం తగ్గుతారు, చెట్లు దట్టమవుతాయి. నేను నాలుగుసార్లు వెళ్ళాను, మూడుసార్లు కనబడ్డాయి. ఆ నాలుగోసారి మాత్రం మీలాగే ఉత్త చేతులతో వచ్చాను. గాలి బాగా ఉన్న రోజు అది. కొమ్మలన్నీ ఊగుతుంటే ఏది జంతువో ఏది ఆకుల గుబురో తెలియలేదు.

అమ్మగారితో అయితే అక్కడికి వద్దు. రోడ్డు ఏటవాలు, పక్కన నడిచే దారి లేదు, సెలవుల్లో కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి.

పక్షులవెంట

సత్తుపల్లి అమ్మాయి గారూ, చోటు కంటే ముందు వెతికే పద్ధతి చెప్తాను. నేను పదేళ్ళుగా వారాంతాల్లో పక్షుల కోసం తిరుగుతుంటాను, కోవాలాలు దారిలో కనబడుతుంటాయి. మొదటి రెండేళ్ళు నాకూ కనబడలేదు. తప్పు చోట్ల వెతకలేదు, తప్పుగా వెతికాను.

మనం దూరం నుంచి ఆకుల్లోకి చూస్తాం. అది ఆకుల్లో ఉండదు. రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది కాబట్టి కూర్చోవడానికి వీలైన చోటు చూసుకుంటుంది, అంటే కొమ్మ చీలిన దగ్గర, పంగలో. అందుకని చెట్టు మొదట్లోకి వెళ్ళి, మాను వెంట చూపు పైకి తీసుకెళ్ళి, ఒక్కో పంగ దగ్గర ఆగండి. చెట్టుకి కంతి ఉన్నట్టు ఒక బూడిదరంగు ముద్ద కనబడుతుంది. కింద నుంచి చూస్తే దాని వెనక భాగం తెల్లమచ్చలతో, ఎండా నీడా పడినట్టే ఉంటుంది. అక్కడే కన్ను మోసపోతుంది.

పైకి చూసే ముందు కింద చూడండి. దాని పెంటికలు ఈతగింజంత, కోలగా, గట్టిగా ఉంటాయి. పచ్చగా తాజాగా ఉంటే అది ఆ చెట్టు మీదే ఉందన్నమాట, లేదా రాత్రి వరకూ ఉంది. చేత్తో నలిపితే జామాయిల్ వాసనే వస్తుంది. నున్నటి మాను మీద గోళ్ళ గీతలు కూడా చూడండి. ఒక్క గీత ఉంటే లెక్కలోకి రాదు, గీతలు గుంపులుగా ఉంటే అది రోజూ ఎక్కే చెట్టు.

ఇంకొకటి. సెప్టెంబరు అంటే మగవాటికి జత కోసం అరిచే కాలం. ఆ చిన్న ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని నమ్మలేరు. పంది గుర్రుమన్నట్టు మొదలై, స్టార్ట్ కాని బుల్లెట్ బండిని ఎవరో తంతున్నట్టు ఉంటుంది. వినబడితే అటు నడవండి.

విశాఖతీరం

మేము హైదరాబాద్ నుంచి టూర్‌కి వచ్చినప్పుడు క్వీన్స్‌లాండ్‌లో మాగ్నెటిక్ ఐలాండ్‌కి వెళ్ళాం. టౌన్స్‌విల్ నుంచి ఫెర్రీలో 20-25 నిమిషాలు. అక్కడ ఫోర్ట్స్ వాక్ అని రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక కట్టడాల దాకా వెళ్ళే దారి ఉంది, పోనూ రానూ 4 కిలోమీటర్లు. ఆరు కోవాలాలు చూశాం. వాటిలో ఒకటి మా తలల మీదే, చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో పడుకుంది. కింద నీలం సముద్రం, పైన ఈ జంతువు. నా జీవితంలో మరిచిపోలేని ఉదయం.

కానీ దారంతా ఎక్కుడే, ఎండ మాడ్చేస్తుంది. పొద్దున ఏడుకే మొదలుపెట్టకపోతే చాలా కష్టం. ఒకటి గమనించాను. అక్కడివి చిన్నవి, బొచ్చు పలచన. తర్వాత విక్టోరియాలో చూసినవి వాటికి దాదాపు రెట్టింపు ఉన్నాయి, చెవుల్లో దూది కుక్కినట్టు బొచ్చు. రెండూ ఒకటే జాతి అంటే మా అబ్బాయి నమ్మలేదు.

సత్తుపల్లి_అమ్మాయి

పక్షులవెంట గారూ, చాలా థాంక్సండీ. పోయినసారి మేము అచ్చం మీరు చెప్పినట్టే దూరం నుంచి ఆకుల్లోకి చూస్తూ నిలబడ్డాం. కింద చూడాలని ఎవరికీ తోచలేదు. విశాఖతీరం గారూ, చదువుతుంటేనే వెళ్ళాలనిపిస్తోంది కానీ అమ్మతో కుదరదు.

అడిలైడ్ వైపు ఎలా ఉంటుంది? మా వారి స్నేహితులు అక్కడున్నారు.

కొండగాలి

అడిలైడ్‌లో మాకు కోవాలాని చూడటానికి ప్రయాణమే అక్కర్లేదు. మొరియాల్టా, బెలెయిర్ పార్కుల్లో తేలిగ్గా కనబడతాయి. కొండ పేటల్లో ఇళ్ళ పెరట్లోకి కూడా వస్తాయి. పోయిన వేసవిలో 43 డిగ్రీల రోజున మా వెనక గుమ్మం దగ్గర ఒకటి వచ్చి కూర్చుంది. బకెట్‌లో నీళ్ళు పెడితే ముఖం ముంచి చాలాసేపు తాగింది. ఆ నాలుక చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కోవాలా నీళ్ళు తాగదని చాలామంది అంటారు, అది పొరపాటు. మామూలుగా ఆకులోని తడితో సరిపెట్టుకుంటుంది, వాన పడితే మాను మీద జారే నీళ్ళు నాకుతుంది. ఎండ మరీ ముదిరితే కిందికి దిగుతుంది. దయచేసి ఎవరూ సీసా పైకెత్తి దాని నోట్లో పోయకండి. తల వెనక్కి వాల్చి తాగడం దానికి చేతకాదు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గిన్నెలో పోసి పక్కన పెట్టి, వెనక్కి జరగండి.

కంగారూ ఐలాండ్ గురించి కూడా ఎవరైనా అడుగుతారేమో. 1920లలో కొన్నింటిని తెచ్చి అక్కడ వదిలితే వేలకు వేలయ్యాయి. 2019-20 అడవి మంటల్లో ద్వీపంలో దాదాపు సగం కాలిపోయింది, వాటిలో చాలా భాగం చనిపోయాయి. మంటలయ్యాక ఏడాదికి నేను వెళ్ళాను. నల్లబడిన మానుల ఒంటి నిండా పచ్చటి చిగుళ్ళు, చెట్టుకి బొచ్చు మొలిచినట్టు. అలాంటి ఒక చెట్టు మీద ఒకటి కూర్చుని ఆ చిగుళ్ళే తింటోంది. కారు పక్కకి తీసి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు అక్కడే ఉండిపోయాం.

చిట్టిగువ్వ

మా పాప కోవాలాని ఎత్తుకుని ఫొటో దిగాలని గొడవ చేస్తోంది. విక్టోరియాలో ఎక్కడ కుదురుతుంది?

తుమ్మెద

విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో సందర్శకులు ఎత్తుకోవడానికి చట్టం ఒప్పుకోదు. క్వీన్స్‌లాండ్‌లో ఇంకా కొన్నిచోట్ల ఉంది. కానీ 1927 నుంచి ఉన్న బ్రిస్బేన్‌లోని లోన్ పైన్ కోవాలా కేంద్రం కూడా 2024లో ఆ పద్ధతి మానేసింది.

నేను వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంలో వారానికి రెండు రోజులు పని చేస్తున్నాను, జీతం కోసం కాదు. పాపకి ఇలా చెప్పి చూడండి. కోవాలా తిండిలో సత్తువ చాలా తక్కువ, పైగా ఆ ఆకులో విషం ఉంటుంది. ఆ విషాన్ని దాని కాలేయం విరిచేస్తుంది. పీచుని అరిగించడానికి దాదాపు రెండు మీటర్ల పొడవున్న పేగు సంచి ఒకటి ఉంటుంది. ఇంత కష్టపడితే వచ్చే కొంచెం శక్తితో అది రోజు గడపాలి. అందుకే అంత నిద్ర. మత్తు ఎక్కి పడుకుంటుందనేది కట్టుకథ. మనం భయపెట్టి దాన్ని రెండు కొమ్మలు పైకి ఎక్కించినా, ఆ రోజు తిన్నదాంట్లో కొంత ఖర్చు చేయించినట్టే.

అది నిద్రలేచి మనవైపే చూస్తూ చెవులు ఆడిస్తోందంటే మనం మరీ దగ్గరికి వెళ్ళామని అర్థం. ఫ్లాష్ వద్దు, చెట్టు ఊపడం వద్దు, కింద నుంచి ఈలలు వద్దు. ఈల వేసి పిలిచేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చిట్టిగువ్వ

మీరు చెప్పింది చెప్పినట్టే పాపకి చెప్పానండీ. "అయితే దాన్ని పడుకోనిద్దాం" అంది. ఎత్తుకునే మాట మళ్ళీ ఎత్తలేదు.

బ్రిస్బేన్_మల్లి

మా వైపు సంగతి రెండు ముక్కలు. నూసా నేషనల్ పార్క్‌లో సముద్రం పక్కన నడిచే దారి బాగుంటుంది, కోవాలాలూ ఉంటాయి, కానీ ఈమధ్య కనబడటం తగ్గింది. బ్రిస్బేన్ దగ్గర డైసీ హిల్‌లో చూడొచ్చు. ఇక్కడ అవి నిజంగా తగ్గిపోతున్నాయి. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని కాన్‌బెర్రా ప్రాంతాల్లోని కోవాలాలను అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు. ఇళ్ళ కోసం చెట్లు కొట్టేయడం, కార్లు, కుక్కలు, పైగా క్లమీడియా అనే అంటుజబ్బు. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో 2019లో నేను చూసిన కోవాలా చెట్టు ఇప్పుడు లేదు. అక్కడ పద్నాలుగు ఇళ్ళు వచ్చాయి.

1927లో మా రాష్ట్రంలోనే బొచ్చు వ్యాపారం కోసం ఒక్క నెలలో దాదాపు 6 లక్షల కోవాలాలను చంపారు. ఆ ఏడాది జనం గట్టిగా ఎదురు తిరిగారు, ఆ తర్వాత వేటకి మళ్ళీ అనుమతి రాలేదు. అప్పుడు జనం అడిగారు కాబట్టే ఆగింది. ఇప్పుడు చెట్ల కోసం కూడా అలాగే అడగాలి.

గీలాంగ్‌వాసి

అయితే విక్టోరియాలో కథ వేరు కదా. గ్రేట్ ఓషన్ రోడ్ వైపే ఉన్న కేప్ ఆట్వేలో కోవాలాలు ఎక్కువైపోయి చెట్లన్నీ మోడుచేసేశాయని విన్నాను.

తుమ్మెద

అవునండీ. 1980లలో అక్కడ వదిలినవి పెరిగి పెరిగి, వాటికి ఇష్టమైన మన్నా గమ్ చెట్లని బోడి చేసేశాయి. ఆకు లేక ఆకలితో చిక్కిపోయాయి. 2013-14లో దాదాపు 700 కోవాలాలకు పశువైద్యులు ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చింది. 2015లో గానీ ఆ విషయం బయటికి రాలేదు. తర్వాత పిల్లలు పుట్టకుండా ఆడవాటికి మందు అమర్చడం, కొన్నింటిని వేరే అడవికి తరలించడం చేశారు. ఒకచోట చెట్టు లేక, ఇంకోచోట చెట్టుకి మించి జంతువులుండి. రెండింటికీ మూలం ఒకటే. ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న అడవి ముక్కలైపోయింది, ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి నడిచి పోయే దారి లేదు.

పక్షులవెంట

అసలు ప్రశ్న పక్కకి పోతోంది. అమ్మగారి మోకాళ్ళకి సరిపోయే చోటు ఒకటుంది, రేమండ్ ఐలాండ్. మెల్‌బోర్న్ నుంచి తూర్పుగా 300 కిలోమీటర్లు, గిప్స్‌ల్యాండ్‌లో పేన్స్‌విల్ అనే ఊరు. అక్కడ గొలుసు మీద నడిచే చిన్న ఫెర్రీ ఉంటుంది, అవతలి ఒడ్డు కళ్ళెదుటే ఉంటుంది. నడిచి వెళ్ళేవాళ్ళకి డబ్బులు అక్కర్లేదు. దిగగానే కోవాలా బాట, ఒక కిలోమీటరు పైన. నేలంతా చదును. 1953లో 42 కోవాలాలను తెచ్చి వదిలారు. ఇళ్ళ ముందు, కరెంటు స్తంభాల పక్క చెట్ల మీద కూడా కూర్చుని ఉంటాయి. అడవి అంటే అచ్చమైన అడవి కాదు, ఊళ్ళో అడవి. కానీ కంచె లేదు, వాటిని పోషించేవాళ్ళు లేరు.

పేన్స్‌విల్‌లో రాత్రి ఉండి పొద్దున్నే ఫెర్రీ ఎక్కండి. ఒకే రోజులో వెళ్ళి రావాలంటే పెద్దవాళ్ళు అలిసిపోతారు. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద మెల్లగా నడపండి, జంతువులు అడ్డం వస్తాయి.

కొండగాలి

రేమండ్ ఐలాండ్‌కి నాదీ ఒక ఓటు.

సత్తుపల్లి_అమ్మాయి

*(అక్టోబరు 6)*

వెళ్ళొచ్చాం! అందరికీ చెప్పాలని ఫోన్లోనే టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పొద్దున ఎనిమిదింటికి ఫెర్రీ ఎక్కాం. దిగాక ఇరవై నిమిషాలు ఏమీ లేదు. పాప ముఖం మళ్ళీ వాడిపోవడం మొదలైంది. నాన్న, నేను ప్రతి పంగా చూస్తూ ముందుకి పోయాం. అమ్మ ఇక నడవలేనని రోడ్డు పక్క బెంచీ మీద కూర్చుంది. రెండు నిమిషాలకి వెనక నుంచి మెల్లగా "ఇటు రండి" అంది. చెప్పు పక్కన పెంటికలు చూసిందట, పచ్చగా ఉన్నాయట. తల పైకెత్తింది. సరిగ్గా ఆమె నెత్తి మీద, మూడు మనిషుల ఎత్తులో తల్లీ పిల్లా!

పిల్ల తల్లి వీపుకి అంటుకుపోయి ఉంది. తల్లి కళ్ళు మూసుకుని, గడ్డం కొమ్మకి ఆనించి, ఒక కాలు గాలిలో వేలాడేసుకుని పడుకుంది. మేము బెంచీ దగ్గరే ఉండిపోయాం. ముప్పావుగంట. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, పాప కూడా.

చివర్లో అది లేచింది. చెయ్యి చాలా నిదానంగా చాచి ఒక కొమ్మని దగ్గరికి లాక్కుంది. ఆకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి వదిలేసింది. పక్క ఆకు వాసన చూసింది, అదీ వదిలేసింది. మూడోది నచ్చింది కాబోలు, కాడ దగ్గర నుంచి నమిలింది. ఆ నమిలే చప్పుడు మాకు వినబడింది. నాన్న కింద రాలిన ఆకొకటి తీసి వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "మన తోట వాసనే" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ ఆకు తిరిగొచ్చే ఫెర్రీ దాకా ఆయన చేతిలోనే ఉంది.

మొత్తం పదకొండు చూశాం. పాప నోటు పుస్తకంలో గీతలు పెట్టి లెక్క రాసింది. పక్షులవెంట గారూ, మీరు కింద చూడమని చెప్పకపోతే అమ్మకి ఆ సంగతి నేను చెప్పేదాన్ని కాదు, అమ్మ చూసేదీ కాదు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. అమ్మది: పాలు మాని పిల్ల ఒక్కసారిగా ఆ విషపు ఆకు ఎలా తింటుంది? నాన్నది: అది మా జామాయిలేనా, వేరేదా? ఫొటో పెడుతున్నాను.

తుమ్మెద

అమ్మగారు మంచి ప్రశ్న అడిగారు. పుట్టినప్పుడు పిల్ల చిక్కుడు గింజంత ఉంటుంది. కళ్ళుండవు, చెవులుండవు. తనంతట తనే పాకి సంచిలోకి చేరుతుంది, అక్కడ ఆరు నెలలు పాలు తాగుతుంది. బయటికి వచ్చే ముందు తల్లి పేగు నుంచి ఒక మెత్తటి పదార్థం వస్తుంది, మామూలు పెంట కాదు. పిల్ల సంచిలోంచి తల బయట పెట్టి అది తింటుంది. ఆకుని అరిగించే సూక్ష్మజీవులు అలా తల్లి నుంచి పిల్లకి వస్తాయి. ఆ తర్వాతే ఆకు. మీరు చూసిన పిల్ల ఆ దశ దాటి వీపెక్కినదే.

పక్షులవెంట

నాన్నగారి ప్రశ్నకి నేను చెప్తాను. ఫొటోలో మాను నున్నగా, బూడిద తెలుపు మచ్చలతో ఉంది, ఆకు పొడుగ్గా ఉంది. గిప్స్‌ల్యాండ్ రెడ్ గమ్‌లా ఉంది. ఒక్క ఫొటో చూసి అంతకంటే గట్టిగా అనను. ఆ చెట్టు శాస్త్రీయ నామం యూకలిప్టస్ టెరెటికోర్నిస్. మనవైపు పేపరు మిల్లుల కోసం వేసే జామాయిల్‌లో ఎక్కువ భాగం ఆ వంశానిదే. యూకలిప్టస్‌లో 700కి పైగా రకాలున్నాయి, కోవాలా వాటిలో కొన్నింటినే ఇష్టంగా తింటుంది. ఇది ఆ కొన్నింటిలో ఒకటి.

సత్తుపల్లి_అమ్మాయి

ఇప్పుడే నాన్నకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. ఇరవై ఏళ్ళు ఆ చెట్టుని టన్నుల్లో తూకం వేసి లారీకెత్తానమ్మా, అన్నారు. తర్వాత పాపని పిలిచి ఆ పేరు పలకడం నేర్పమన్నారు. ఇద్దరూ వంటింట్లో టెరెటికోర్నిస్ అని పలుకుతున్నారు.

వాళ్ళు వెళ్ళేది 19న. మెల్‌బోర్న్‌కి దగ్గరలో, సగం రోజులో అయిపోయేలా ఇంకో చోటేదైనా ఉందా? ఈసారి అడుగుతున్నది అమ్మ.

గీలాంగ్‌వాసి

యూ యాంగ్స్ కొండల పార్కు చూడండి అక్కా. మా ఇంటికి అరగంట దూరం. కొండ ఎక్కక్కర్లేదు, కింద కారు ఆపే చోట చుట్టూ చెట్లున్నాయి. అక్కడ కోవాలాల్ని ముక్కు మీది మచ్చల తీరుని బట్టి ఒక్కోదాన్నీ గుర్తుపడుతున్నారు. శనివారం వస్తే నేనూ వస్తాను. మడతకుర్చీ ఒకటి అమ్మగారి కోసం తెస్తాను.